ఎండ కాస్తుంటే గండోలా ఎందుకు ఆపారు? గుల్‌మర్గ్ మంచు కింద ఏముందో చూసేవాళ్ళ పని

కశ్మీర్‌లో మంచు పడుతోందని టీవీలో చూపించగానే హైదరాబాద్, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్ ఇళ్ళల్లో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులు మేల్కొంటాయి. "పిల్లలకు సెలవులున్నాయి, ఈసారి గుల్‌మర్గ్ పోదామా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. టికెట్లు బుక్ అయిపోతాయి. తీరా అక్కడికి వెళ్ళాక చాలామందికి ఎదురయ్యేది ఒకటుంది. రెండు రోజులు హోటల్ గదిలోనే కూర్చోబెట్టిన మంచు మూడో రోజు ఆగిపోతుంది. ఆకాశం నీలంగా, కొండ వెండిలా మెరుస్తూ ఉంటుంది. ఉరుకులు పరుగుల మీద గండోలా దగ్గరికి పోతే "ఫేజ్ టూ బంద్ హై" అంటారు. నిన్న మంచు పడుతుంటే మూశారంటే అర్థముంది, ఇంత మంచి ఎండలో ఎందుకు మూశారు భాయ్ అని కౌంటర్ దగ్గర గొడవ మొదలవుతుంది.

గొడవ పడేవాళ్ళ తప్పు కూడా కాదు. మన వైపు వాన వెలిస్తే ప్రమాదం పోయినట్టే లెక్క. మంచు కొండల లెక్క వేరు. అక్కడ భారీగా మంచు పడి, గాలి వీచి, ఆ తర్వాత ఆకాశం తేటపడిన మొదటి రోజు చాలాసార్లు అన్నిటికన్నా చెడ్డ రోజు. పైన పడిన కొత్త మంచు బరువు కింద ఉన్న పాత మంచు మీద అప్పుడే కూర్చుని ఉంటుంది. ఆ పాత మంచు దాన్ని మోస్తుందా, మోయదా అన్నదే అసలు ప్రశ్న. పైనుంచి చూస్తే ఎంత అనుభవం ఉన్నవాడికైనా జవాబు కనబడదు. తవ్వి చూడాలి.

మంచు చరియలు విరిగిపడటాన్ని ఉర్దూ పత్రికలు 'బర్ఫానీ తోదా' అని రాస్తాయి. తెలుగులో కొందరు 'హిమపాతం' అంటారు గానీ, మంచు కురవడానికీ అదే మాట వాడతారు కాబట్టి ఇక్కడ 'మంచు చరియ' అనే అందాం.

గుల్‌మర్గ్ సముద్ర మట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గండోలా మొదటి దశ మూడు వేల మీటర్లు దాటి కోంగ్‌డోరీ వరకు తీసుకెళ్తుంది. 2005లో మొదలైన రెండో దశ అఫర్వత్ కొండ భుజం మీదికి, దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. గండోలా తీగ కింద, దాని చుట్టుపక్కల ఉన్న భాగాన్ని స్కీ పెట్రోల్ సిబ్బంది కనిపెట్టి చూస్తుంటారు. తాడు కట్టిన హద్దు దాటి అవతలికి పోతే మాత్రం అది కాపలా లేని కొండ. ప్రపంచం నలుమూలల నుంచి స్కీయర్లు గుల్‌మర్గ్‌కు వచ్చేది ముఖ్యంగా ఆ కాపలా లేని కొండ కోసమే.

2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద హపత్‌ఖుడ్ అనే చోట చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. మరుసటి ఏడాది జరిగిన సంగతి ఇంకా గమనించదగ్గది. 2024 జనవరిలో గుల్‌మర్గ్ మైదానం మంచే లేకుండా బోసిపోయి కనిపించడం మీకు గుర్తుండే ఉంటుంది. వార్తల్లో అదే గోల. నెలాఖరుకు గానీ మంచు మొదలవలేదు. ఫిబ్రవరి మూడో వారంలో భారీగా కురిసింది. ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ జరుగుతున్న రోజుల్లోనే, ఫిబ్రవరి 22న, చరియ కింద పడి ఒక రష్యన్ స్కీయర్ ప్రాణం పోయింది. ముందు కరువు, తర్వాత ఒక్కసారిగా మంచు, ఆ తర్వాత ఎండ. ఈ వరస గుర్తు పెట్టుకోండి, కింద దీనితోనే పని.

ఇది స్కీ ఆడేవాళ్ళ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. గుర్రాల వాళ్ళు, స్నో స్కూటర్ల వాళ్ళు టూరిస్టులను తీసుకెళ్ళే ఖిలన్‌మర్గ్ అఫర్వత్ వాలు కింద ఉన్న పచ్చిక మైదానం. చలికాలంలో అదంతా తెల్ల దుప్పటి. 2010 ఫిబ్రవరి 8న అదే ఖిలన్‌మర్గ్ దగ్గర శిక్షణలో ఉన్న సైనికుల మీద చరియ పడి 17 మంది చనిపోయారు. వాళ్ళు టూరిస్టులు కాదు, గుల్‌మర్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌కు చెందినవాళ్ళు. కొండ వాళ్ళకు కొత్త కాదు. ఇంకా వెనక్కి పోతే 2005 ఫిబ్రవరిలో దక్షిణ కశ్మీర్‌లోని వాల్తెంగూ నార్ గ్రామం ఇళ్ళతో సహా మంచు కింద పూడిపోయి 150 మందికి పైగా మరణించారు. అక్కడ ఎవరూ కొండెక్కలేదు. ఇంట్లో కూర్చున్నవాళ్ళ మీదికే కొండ దిగి వచ్చింది.

హండీలో దమ్, కొండలో దమ్

చలికాలం పొడుగునా మంచు ఒకేసారి పడదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ గాలివానలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, వచ్చినప్పుడల్లా ఒక పొర వేసి పోతాయి. మధ్యలో ఎండలు, గాలులు, గడ్డకట్టే రాత్రులు. ప్రతి పొరకూ ఒక స్వభావం వస్తుంది. ఒకటి రొట్టెలా గట్టిగా, ఒకటి పిండిలా మెత్తగా, ఇంకొకటి ఇసుకలా రాలిపోతూ ఉంటుంది. కశ్మీరీలు చలికాలాన్ని చిల్లై కలాన్, చిల్లై ఖుర్ద్, చిల్లై బచ్చా అని 40, 20, 10 రోజులుగా లెక్కబెడతారు. మంచులో గొయ్యి తవ్వి చూస్తే ఆ రోజులన్నీ పొరలు పొరలుగా కింద నుంచి పైకి పేర్చి ఉంటాయి.

వీటిలో ప్రాణాలు తీసేది ఇసుక లాంటి పొర. అది ఎలా తయారవుతుందో అర్థం కావాలంటే దమ్ పెట్టిన హండీని తలుచుకోండి. అడుగున వేడి, మూత దగ్గర తక్కువ వేడి. ఆవిరి కింద నుంచి పొరల మధ్యగా పైకి పోతుంటుంది. కొండ మీద కూడా అంతే. మంచు కప్పిన నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైన గాలి మైనస్ పదిహేనుకు పడిపోతుంది. నేల వైపు నుంచి నీటి ఆవిరి చల్లగా ఉన్న పై వైపుకు కదులుతూ, దారిలో ఉన్న మంచు రేణువుల ఆకారాన్నే మార్చేస్తుంది. గుండ్రంగా ఉండి ఒకదానికొకటి అతుక్కోవాల్సిన రేణువులు కోణాలు తేలి, గరుకుగా, విడివిడిగా పంచదార పలుకుల్లా అవుతాయి. అనుభవజ్ఞులు దాన్ని పంచదార మంచు అనే పిలుస్తారు. చేతిలోకి తీసుకుని ముద్ద చేయబోతే ముద్ద కాదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ప్రతి 10 సెంటీమీటర్ల మందానికి ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే రేణువులు ఇలా చెడిపోవడం మొదలవుతుందని స్థూలంగా అనుకోవచ్చు. నేల సున్నా, పైభాగం మైనస్ 15, మంచు మందం 50 సెంటీమీటర్లు అయితే ప్రతి 10 సెంటీమీటర్లకు 3 డిగ్రీల తేడా. మంచు చెడిపోతుంది. అదే చలిలో మందం 2 మీటర్లు ఉంటే తేడా ఒక డిగ్రీ లోపే, 0.75. మంచు కుదురుకుంటుంది. అంటే మన ఊహకు పూర్తిగా ఎదురు. మంచు తక్కువ పడిన ఏడాది కొండకు మంచిది కాదు. ముందుగా పలుచగా పడి, వారాల తరబడి ఎండాకాలంలా ఆకాశం తేటగా ఉండి, రాత్రుళ్ళు కొరికే చలి పెట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా మీటరు మందాన మంచు పడితే అడుగున పంచదార, పైన బరువైన పలక. మొదటి పొర చేసిన పాపం నెల తర్వాత బయటపడుతుంది.

పైభాగం మీద కూడా ఇలాంటి బలహీనమైన పొర పుట్టొచ్చు. గాలి లేని తేట రాత్రుల్లో మంచు మీద ఈకల్లాంటి తెల్లటి స్ఫటికాలు మొలుస్తాయి. ఫ్రీజర్ గోడలకు పట్టే నూగు లాంటివే. పొద్దున ఎండలో తళతళలాడుతూ ఫొటోలకు భలే ఉంటాయి. వాటి మీద కొత్త మంచు పడి కప్పేసిందా, అవి అలాగే నిలబడి లోపల ఉండిపోతాయి. పేకముక్కలు నిలబెట్టి దాని మీద పలక పెట్టినట్టు.

ఇంట్లో పిల్లలకు చూపించాలంటే పొడవాటి ట్రే ఒకటి తీసుకుని అడుగున గరుకు తువాలు పరచండి. కుడి సగంలో నేరుగా మైదా పోసి చేత్తో అదమండి. ఎడమ సగంలో ముందు పంచదార పలుచగా చల్లి, దాని మీద మైదా అదే మందంలో పోసి అదమండి. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. ఇప్పుడు ట్రే ఒక చివర మెల్లగా ఎత్తుతూ పోండి. పంచదార ఉన్న వైపు ముందుగా, ఒక్క ముక్కగా జారుతుంది. అమ్మీ కేకలేస్తుంది గానీ, మంచు చరియ సూత్రం మొత్తం అందులో ఉంది. గట్టి పలక, దాని కింద బలహీనమైన పొర, తగినంత వాలు, చివరగా ఒక తాకిడి.

వాలు సంగతి చెప్పుకోవాలి. ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద జారతాయి. అంతకన్నా తక్కువైతే పలక నిలబడుతుంది. మరీ నిటారుగా ఉంటే మంచు నిలవదు, పడుతూనే రాలిపోతుంది. మన ఇళ్ళల్లో మేడమెట్ల వాలు ఇంచుమించు 30 నుంచి 35 డిగ్రీలు. అంటే చూడటానికి భయపెట్టని వాలే, స్కీ ఆడటానికి సరదాగా ఉండే వాలే. అయితే మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు. మీ పైన ఏముందో చూడాలి. ఖిలన్‌మర్గ్ సంగతి అందుకే ముందు చెప్పింది.

తాకిడి అంటే అరుపు కాదు. హీరోయిన్ అరవగానే కొండ కూలడం సినిమాల్లోనే. మనిషి గొంతుకు మంచు పలకను విరిచేంత శక్తి లేదు. మనిషి బరువుకు ఉంది. చరియల్లో చిక్కుకున్నవాళ్ళ సంగతులు పరిశీలిస్తే, దాదాపు పదింట తొమ్మిదిసార్లు దాన్ని కదిలించింది ఆ వ్యక్తో, వెంట ఉన్నవాళ్ళో. కొండ ఊరకే మీద పడలేదు, మనం దాని బలహీనమైన చోట కాలు పెట్టాం. పలక పలుచగా ఉన్న చోట కాలి బరువు లోపలి పొరను సులువుగా తాకుతుంది. అందుకే ముందు తొమ్మిది మంది క్షేమంగా పోయిన వాలు మీద పదో మనిషి దాన్ని విరగ్గొట్టొచ్చు. "అప్పుడే ఎవరో పోయిన గీతలున్నాయి కదా" అన్న ధైర్యం ఎందుకూ పనికిరాదు.

గొయ్యి తవ్వి ఏం చూస్తారు?

భారతదేశంలో ఈ పని కోసం ఒక ప్రత్యేక సంస్థ ఉంది. 1969లో మనాలీలో డీఆర్‌డీఓ కింద మొదలైన ససే, అంటే మంచు, చరియల అధ్యయన సంస్థ, 2020లో మరో ప్రయోగశాలతో కలిసి చండీగఢ్ కేంద్రంగా డీజీఆర్‌ఈ అయింది. సైన్యం కోసం పుట్టిన సంస్థ. ఇప్పుడు దాని హెచ్చరికలు పౌరులకూ అందుతున్నాయి. కొండల మీద పెట్టిన యంత్రాలు గాలి, ఉష్ణోగ్రత, మంచు మందం పంపిస్తుంటాయి. అయినా మనిషి పార పట్టుకుని తవ్వే గొయ్యికి ప్రత్యామ్నాయం ఇంకా రాలేదు. లోపలి పొర సంగతి అక్కడే తెలుస్తుంది.

గొయ్యి ఎక్కడ తవ్వాలన్నది మొదటి తెలివి. వెళ్ళదలచుకున్న వాలు ఏ దిక్కుకు, ఏ ఎత్తులో ఉందో అలాంటి చోటే తవ్వాలి, కానీ అది చిన్నదిగా, జారినా ప్రాణాపాయం లేనిదిగా ఉండాలి. ఉత్తరం వైపు నీడ వాలుల్లో బలహీనమైన పొర వారాల తరబడి బతికి ఉంటుంది, ఎండ తగిలే దక్షిణ వాలుల్లో త్వరగా కుదురుకుంటుంది. అఫర్వత్ నుంచి గుల్‌మర్గ్ వైపు దిగే వాలులు ఎక్కువగా ఈశాన్యం, తూర్పు ముఖంగా ఉన్నాయి. గాలి ఎటు వీచిందో కూడా చూడాలి. గాలి ఒక వైపు మంచును ఊడ్చి శిఖరం అవతల పోగేస్తుంది. ఆకాశం నుంచి అడుగు మంచు పడితే గాలి చాటు వాలు మీద అది మూడు నాలుగు అడుగులు కావొచ్చు. ఎండ కాస్తున్నా శిఖరం మీద తెల్లటి పొగలా మంచు లేస్తుంటే, కొండ మీద ఇంకా మంచు 'పడుతూనే' ఉందన్నమాట.

మీటరు, మీటరున్నర లోతు తవ్వి గోడను నునుపుగా చెక్కుతారు. తర్వాత చేసేది చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. గోడలోకి పిడికిలి దిగుతుందా? దిగితే ఆ పొర చాలా మెత్తన. పిడికిలి దిగక నాలుగు వేళ్ళు దిగితే కొంచెం గట్టి. తర్వాత ఒక వేలు, తర్వాత పెన్సిల్, చివరికి కత్తి మాత్రమే దిగేది అన్నిటికన్నా గట్టి. పై నుంచి కిందికి గట్టిదనం క్రమంగా పెరుగుతూ పోతే మనసు కాస్త నెమ్మదిస్తుంది. గట్టి పొర కింద హఠాత్తుగా పిడికిలి దిగిందంటే ఆగి చూడాలి. ఆ పొరలోంచి చిటికెడు తీసి నల్లటి లోహపు ముక్క మీద పరిచి భూతద్దంతో చూస్తారు. గుండ్రటి రేణువులా, కోణాలు తేలిన పలుకులా? ప్రతి 10 సెంటీమీటర్లకు థర్మామీటర్ గుచ్చి, పైన చెప్పిన లెక్క వేస్తారు.

ఆ తర్వాత తట్టి చూడటం. 30 సెంటీమీటర్ల చదరపు స్తంభాన్ని చుట్టూ కోసి వేరు చేసి, దాని మీద పార పెట్టి చేత్తో తడతారు. మణికట్టు కదిలిస్తూ పది దెబ్బలు, మోచేయి నుంచి పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకు, ఏ పొర దగ్గర విరిగిందో రాసుకుంటారు. దీనికన్నా ఎక్కువ నమ్మేది 90 సెంటీమీటర్ల వెడల్పు స్తంభం పరీక్ష. ఒక చివర మాత్రమే తడతారు. పగులు అక్కడే ఆగిందా, లేక రెండో చివరిదాకా సర్రున పాకిందా అన్నది చూస్తారు. పాకితే ఆ రోజు ఆ వాలుకు సలాం కొట్టి వెనక్కి రావాల్సిందే. చరియ అంటే అసలు అదే. ఒక చోట పుట్టిన పగులు బలహీనమైన పొర వెంట వందల మీటర్లు పాకడం.

ఇందులో ఒక మెలిక ఉంది. గొయ్యి చెప్పేది ఆ గొయ్యి ఉన్న చోటు గురించే. ఇరవై అడుగుల అవతల రాయి మీద మంచు పలుచగా ఉండి, పంచదార పొర మందంగా ఉండొచ్చు. కాబట్టి గొయ్యిలో చెడ్డ ఫలితం వస్తే నమ్మాలి. మంచి ఫలితం వస్తే దాన్ని పర్మిట్‌లా చూపించి ముందుకు పోకూడదు. గైడ్లలో కూడా ఈ తేడా పాటించేవాళ్ళనే నేను మంచి గైడ్లంటాను.

గొయ్యి తవ్వకుండా కొండ తనంతట తాను చెప్పే మాటలూ ఉన్నాయి. నడుస్తుంటే కాళ్ళ కింద 'వుంఫ్' అని బరువైన పరుపు మీద కూలబడినట్టు చప్పుడు వస్తే, లోపలి పొర అప్పుడే కుప్పకూలిందని అర్థం. వాలు చాలినంత లేకే మీరు ఇంకా నిలబడి ఉన్నారు. కాలు పెట్టిన చోటి నుంచి మంచు మీద పగుళ్ళు ముందుకు పరుగెత్తడం, పక్క వాలుల మీద తాజాగా జారిన గుర్తులు, పొద్దుటి చలి పోయి హఠాత్తుగా వేడెక్కడం, ఇవన్నీ అదే మాట చెబుతాయి. దేవదారు చెట్లకు కొండ వైపు కొమ్మలు విరిగిపోయి, లోయ వైపే మిగిలి ఉన్నాయంటే అది చరియ పాత దారి. ఫొటో బాగుందని ఆ ఖాళీ పట్టీలో నిలబడొద్దు.

సియాచిన్ లెక్క వేరు

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19 వేల అడుగులకు పైన ఉన్న సోనమ్ పోస్టు మీద పెద్ద మంచుగోడ కూలి 19వ మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పది మంది పూడిపోయారు. వారిలో మన కర్నూలు జిల్లా బిడ్డ, సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. అప్పుడు జిల్లాలో టీవీల ముందు కదలకుండా కూర్చున్న ఇళ్ళెన్నో. అక్కడ కూలింది హిమానీనదపు ఐసు. పంచదార పొర మీద జారే పలక కాదు. దాన్ని పైన చెప్పిన గొయ్యి పరీక్షలు పట్టలేవు. రెండిటినీ ఒకటే వార్తా శీర్షిక కింద వేయడం వల్ల "ఇవన్నీ దైవాధీనం, ముందే తెలియదు" అన్న అభిప్రాయం స్థిరపడింది. ఐసు గోడ విషయంలో ముందుగా చెప్పడం నిజంగా కష్టం. గుల్‌మర్గ్ లాంటి చోట్ల పలక చరియల సంగతి అలా కాదు. చాలావరకు ముందే సూచనలుంటాయి.

ఆ పది మందిలో లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికాడు, ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న కన్నుమూశాడు. దేశమంతా అబ్బురపడింది. అబ్బురమే, అందుకే దాన్ని నియమంగా తీసుకోకూడదు. టెంటు కింద గాలి మిగలడం వల్ల అన్ని రోజులు నిలిచాడు. మామూలుగా చరియలో పూర్తిగా పూడినవాళ్ళను పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే మూడింట ఒకరు కూడా కష్టం. కారణం చలి కాదు, ఊపిరి ఆడకపోవడం. జారుతున్నప్పుడు నీళ్ళలా ఉన్న మంచు ఆగిన క్షణంలో సిమెంటులా బిగుసుకుంటుంది. చేతులతో తవ్వలేం, లోపలివాళ్ళు వేలు కూడా కదపలేరు.

ఈ నిమిషాల లెక్క చూస్తే ఒకటి తేలిపోతుంది. కింది నుంచి సహాయక దళం వచ్చేలోపు ఆ సమయం గడిచిపోతుంది. బతికించగలిగేది పక్కనున్నవాడే. అందుకే హద్దు దాటి పోయే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులుండాలి. ఒంటికి కట్టుకునే ట్రాన్సీవర్, గుచ్చి వెతికే పొడవాటి మడత కడ్డీ, లోహపు పార. ట్రాన్సీవర్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ ఉంటుంది, పైనున్నవాళ్ళు తమదాన్ని వెతికే పద్ధతికి మార్చి దాన్ని పట్టుకుంటారు. అద్దెకు దొరుకుతుంది. కానీ కట్టుకోవడం వేరు, వాడటం వేరు. ముందు రోజు మంచులో దాచిపెట్టి వెతికే అభ్యాసం చేయకపోతే అది మెడలో బరువు మాత్రమే. వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరుగా దాటాలి, మిగతావాళ్ళు చూస్తూ ఉండాలి. అందరూ ఒకేసారి వెళితే తవ్వేవాడెవడు?

హెచ్చరిక వచ్చింది, ఎలా చదవాలి?

"బారాముల్లా జిల్లాలో 2,500 మీటర్ల పైన రాబోయే 24 గంటల్లో మధ్యస్థ స్థాయి చరియల ప్రమాదం" అన్న తరహా వార్త చలికాలంలో తరచుగా కనిపిస్తుంది. డీజీఆర్‌ఈ అంచనా ఆధారంగా జమ్మూకశ్మీర్ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చేది. గుల్‌మర్గ్ ఉన్నది బారాముల్లా జిల్లాలో, ఎత్తు 2,650 మీటర్లు. కాబట్టి హెచ్చరిక మీకు వర్తిస్తుంది. అంటే హోటల్ వదిలి పారిపోవాలని కాదు. మైదానంలో నడవొచ్చు, పిల్లలు మంచు బొమ్మ చేసుకోవచ్చు. వాలుల మీదికి, వాలుల కిందికి పోకూడదని అర్థం. సోనమర్గ్ వెళ్ళేవాళ్ళు గాందర్‌బల్ జిల్లా పేరు కోసం చూడాలి. 2025 జనవరిలో జెడ్-మోర్ సొరంగం తెరిచాక సోనమర్గ్‌కు చలికాలంలోనూ దారి దొరికింది. ఆ సొరంగం తవ్విందే పాత రోడ్డు మీద చరియలు పడేవి కాబట్టి. దాని అవతల జోజిలా సొరంగాన్ని కడుతున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా సంస్థే. సొరంగం దాటించింది రోడ్డును. సోనమర్గ్ చుట్టూ ఉన్న వాలులు అలాగే ఉన్నాయి.

'మధ్యస్థం' అన్న మాట దగ్గర మనవాళ్ళు మోసపోతారు. పరీక్షలో సగం మార్కుల్లా, పర్లేదులే అనిపిస్తుంది. యూరప్‌లో 1993 నుంచి ఐదు స్థాయిల కొలమానం వాడుతున్నారు. అక్కడి అనుభవం ఏమిటంటే ఎక్కువ మరణాలు ఐదో స్థాయిలో కాదు, మూడో స్థాయిలో జరుగుతాయి. ఐదో స్థాయి రోజున ఎవరూ బయటికి రారు. మూడో స్థాయి రోజున ఆకాశం తేటగా ఉంటుంది, కొత్త మంచు ఊరిస్తుంది, అందరూ బయల్దేరతారు.

గైడ్‌తో మాట్లాడేటప్పుడు ధర బేరం ఒక్కటే చాలదు. ఈ రోజు హెచ్చరిక ఏ స్థాయి? పెట్రోల్ వాళ్ళు పైభాగం తెరిచారా? రాత్రి గాలి ఎటు వీచింది? మీ దగ్గర ట్రాన్సీవర్లు ఎన్ని? ఈ నాలుగూ ఉర్దూలో అడిగితే చాలు. మంచి గైడ్ సంతోషిస్తాడు, జవాబు దాటేసేవాడితో వెళ్ళొద్దు. అలాగే "ఇంత దూరం వచ్చాం, ఇంకాస్త డబ్బులిస్తాం, ఖిలన్‌మర్గ్ దాకా తీసుకెళ్ళు" అని ఒత్తిడి పెట్టే అలవాటు మనం మానాలి. రోజు కూలి మీద బతికే స్లెడ్జి మనిషి 'లేదు' అనడం మీరనుకున్నంత సులువు కాదు. వాడి ప్రాణం కూడా ఆ వాలు కిందే ఉంటుంది.

అమెరికాలో డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ వైపు చదువుకునే, ఉద్యోగాలు చేసే పిల్లలున్న ఇళ్ళకు ఒక మాట. కొలరాడో కొండల్లో మంచు పలుచన, చలి ఎక్కువ, పంచదార పొర అక్కడ ఏటా ఉండే సమస్య. 2020-21 చలికాలంలో ఆ ఒక్క రాష్ట్రంలోనే 12 మంది చరియల్లో చనిపోయారు. ఆ ఏడాది కూడా మొదట్లో మంచు కరువే. అక్కడి చరియల సమాచార కేంద్రం రోజూ ప్రాంతాల వారీగా అంచనా ఇస్తుంది. కొండకు వెళ్ళొచ్చిన మామూలు మనుషులు తాము చూసిన పగుళ్ళు, విన్న 'వుంఫ్'లు, తవ్విన గోతుల ఫలితాలు దానికి రాసి పంపుతారు. మరుసటి రోజు అంచనాలో ఆ పరిశీలనలూ కలుస్తాయి. గుల్‌మర్గ్‌లో కూడా గైడ్లు, పెట్రోల్ వాళ్ళు సాయంత్రం టీ దగ్గర ఇదే మాట్లాడుకుంటారు. పొద్దున గండోలా కౌంటర్ దగ్గర 'బంద్' అన్న మాట వెనక ఆ ముచ్చట్లు, ఎవరో చేతులు గడ్డకట్టుకుపోతుంటే తవ్విన ఒక గొయ్యి ఉంటాయి. ఆ రోజుకి కోంగ్‌డోరీలో దిగి, వేడివేడి కహ్వా తాగి, పైన అఫర్వత్‌ను దూరం నుంచే చూసి రండి. టికెట్ డబ్బుల సంగతి కిందికొచ్చాక అడగొచ్చు.